కనకవ్వ గొంతు ఎవరిది?

సెంటినరీ కాలనీ,
జూన్ 19.

సుహాసిని గారికి,

‘గారు’ అని మొదలుపెట్టినందుకు ఆశ్చర్యపోవద్దు. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న రోజుల నుంచి ‘సుహా’ అని పిలిచిన నోరు ఇవాళ ఆ పేరు పలకనంటోంది. ‘మీరు’ అనే రాద్దామని కూర్చున్నాను కానీ కోపంలో మర్యాద నిలవడం లేదు. నువ్వు అనే రాస్తాను.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని మా ఆయన్ని అడిగావట. నువ్వు చేసిన పని తర్వాత ఫోన్‌లో ఒక్క అక్షరం పెట్టాలన్నా చెయ్యి రావడం లేదు. కాగితమైతే ఒక్కరి చేతికే పోతుంది. దీన్ని కూడా ఫొటో తీసి ఎవరికైనా పంపుతావేమో, నాకు తెలియదు. నీకు అలవాటైన పనే.

సోమవారం మధ్యాహ్నం పిల్లలు కంచాలు పెట్టుకుని వరండాలో వరుసగా కూర్చున్నారు. కనకవ్వ గేటు తోసుకుని లోపలికి వచ్చింది. కాళ్లకు చెప్పులు లేవు. ఆ ఎండలో అంత దూరం ఎట్లా నడిచిందో! నన్ను చూడగానే పిల్లలందరి ముందు అరిచింది.

“టీచరమ్మా! నా మొగణ్ణి నేను తిట్టుకుంట, శాపనార్థాలు వెట్టుకుంట. ఊరందరి నోట్లె ఎందుకు వెట్టినవ్? తాళం ఏసి వెడ్తనంటివి. తాళంచెవి ఎంతమందికిచ్చినవ్ చెప్పు!”

నాకేమీ అర్థం కాలేదు. పక్క తరగతి సారు మెల్లగా తన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. అందులో కనకవ్వ గొంతు. మనం రికార్డు చేసిన గొంతు. మన ఫోల్డరులో తప్ప ఎక్కడా ఉండకూడని గొంతు.

“ఆయన సచ్చిపోయిన దినం ఏడ్చిన. ఆ రాత్రి మాత్రం పండుకున్న. లగ్గమైనప్పటి సంది గట్ల నిద్రపోలేదు. ఇగ తలుపు తన్నెటోడు లేడని.”

అంతే. ఆ ముక్క ఒక్కటే. పైన పెద్ద అక్షరాలతో ‘భర్త చచ్చిన రాత్రి హాయిగా నిద్రపోయిన భార్య’ అని పేరు. కింద జనం రాసిన మాటలు నేను ఇక్కడ రాయను. నా కలం మురికి అవుతుంది.

ఆమె ఎవరో నీకు నేను చెప్పాలా? గనిలో పైకప్పు కూలుతుంటే ముత్యాన్ని బయటికి నెట్టి తాను లోపలే ఉండిపోయిన సదానందం భార్య. ఏటా వర్ధంతి సభలో ఆయన ఫొటో పక్కన కుర్చీ వేసి, శాలువా కప్పి, కూర్చోబెట్టే మనిషి. ఇన్నేళ్లలో ఆ కుర్చీలో కూర్చున్నామెను ‘నీ బతుకు ఎట్లా గడిచింది?’ అని ఎవరూ అడగలేదు. మనం అడిగాం. గని కార్మికుల ఇళ్లలో ఆడవాళ్ల కథలు ఎవరో ఒకరు దాచాలని మనిద్దరం ఇల్లిల్లూ తిరిగాం. నమ్మి చెప్పుకున్నారు. ఇరవై మందికి పైగా నమ్మారు.

మనం ఏమనుకున్నాం? ఫోల్డరు ఇద్దరిదీ. ఒక్క గొంతు బయటికి పోవాలన్నా నువ్వూ సరే అనాలి, నేనూ సరే అనాలి, చెప్పిన మనిషి సరే అనాలి. ఈ మాట అన్నది నువ్వే. కనకవ్వ మంచం మీద కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, “ఇది మా ఇద్దరి దగ్గరే ఉంటుంది అవ్వా” అన్నది కూడా నువ్వే.

ఆమె కొడుకు రాయమల్లు రెండు రోజులుగా తల్లితో మాట్లాడటం లేదు. ఆమె వండింది ముట్టడం లేదు. డ్యూటీ దిగి క్యాంటీన్‌లో తిని వస్తున్నాడు.

ఎట్లా బయటికి పోయిందో నాకు చెప్పు. వేరే ఏమీ రాయనవసరం లేదు.

డెబోరా


హైదరాబాద్,
జూన్ 27.

డెబోరా,

నీ ఉత్తరం చదివి రోజంతా అన్నం తినలేకపోయాను. నువ్వు తిట్టినందుకు కాదు. కనకవ్వ ఎండలో చెప్పులు లేకుండా నడిచిందని రాశావే, అందుకు.

జరిగింది చెబుతాను. మా ఆఫీసులో పవన్‌కుమార్ అని ఒకతను ఉన్నాడు. ఆడియో కార్యక్రమాలు అతనే తయారుచేస్తాడు. మనం చేసిన పని గురించి ఒకసారి మాటల్లో చెప్పాను. ఎలా ఉన్నాయో వింటానన్నాడు. వినడానికి మాత్రమే లింకు పంపాను. ఆ లింకు ఒక్క మనిషికే తెరుచుకునేలా పెట్టాల్సింది. ‘లింకు ఉన్నవాళ్లెవరైనా’ అని ఉండిపోయింది. చూసుకోలేదు. అతని దగ్గర పనిచేసే ఎవరో కుర్రాళ్లు ఆ ముక్క కత్తిరించి పెట్టేశారు. తెలిసిన గంటలోనే తీయించాను. పొరపాటు నాదే, కాదనను. కానీ పొరపాటు, డెబోరా. ద్రోహం కాదు.

ఇంకో మాట కూడా నువ్వు వినాలి. ఆ ముక్క తీసేసేలోపు కొత్తగూడెం నుంచి ఒకామె మా ఆఫీసుకు మెసేజీ పెట్టింది. ఆవిడ భర్త కూడా గనిలోనే పని. పేరు రాయలేదు. ‘ఈ ముసలామె మాట విన్నాక నాకొక్కదానికే ఇలా లేదని తెలిసింది. మా అక్క దగ్గరికి వచ్చేశాను’ అని రాసింది. ఈ మాటలు తాళం వేసి పెడితే ఎవరికి ఉపయోగం చెప్పు? వినాల్సిన ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో నీకు తెలియదా?

కనకవ్వకి నేను ఫోన్ చేసి మాట్లాడతాను. నువ్వు కాస్త శాంతించు. నాన్నగారు కాకినాడ నుంచి నిన్ను అడిగారు. వాళ్లకి ఇదేమీ చెప్పలేదు.

నీ
సుహా


సెంటినరీ కాలనీ,
జులై 8.

సుహాసినీ,

కనకవ్వకు ఫోన్ చేస్తావా? ఏ ఫోన్‌కు? రాయమల్లు దాన్ని నేలకేసి కొట్టాడు.

నీ ఉత్తరం వచ్చాక మన ఫోల్డరు తెరిచాను. అన్నీ తీసేద్దామనుకున్నాను. ఒక్కొక్క పేరు మీద నొక్కాను. మాయమైంది. ఊపిరి పీల్చుకున్నాను. కింద సన్నగా ఒక మాట వచ్చింది: ఇది నీ వైపు నుంచి మాత్రమే తొలగింది, యజమాని దగ్గర అలాగే ఉంటుంది అని. యజమాని! ఎవరా యజమాని అని చూస్తే నీ పేరు. నేను రాసుకోవచ్చట, మార్చుకోవచ్చట. పూర్తిగా తీసేసే హక్కు మాత్రం నాకు లేదట. ఇద్దరిదీ అనుకున్నది మన నోటి మాటే. ఆ యంత్రానికి మాత్రం అది నీ ఒక్కదానిదే. ఫోల్డరు తెరిచిన రోజు ఈ సంగతి నీకు తెలుసు. ఇట్లాంటి పని చేసి తింటున్నదానివి. నాకు తెలియదు. చెప్పలేదు నువ్వు.

ఇక అసలు సంగతి. పవన్‌కుమార్‌కు నేనే రాశాను. ‘మా ఇద్దరి ఒప్పందానికి విరుద్ధంగా మీ కుర్రాళ్లు ఎందుకు కత్తిరించారు?’ అని గట్టిగా అడిగాను. పాపం, భయపడ్డట్టున్నాడు. వెంటనే జవాబు ఇచ్చాడు. ‘మేడం, కుర్రాళ్లెవరూ కత్తిరించలేదు. ఏ మాట నుంచి ఏ మాట వరకు తీసుకోవాలో సుహాసిని మేడమే గుర్తుపెట్టి పంపారు. కార్యక్రమానికి ముందు జనం చెవిన పడాలంటే ఇదే బలమైన ముక్క అన్నారు. అనుమతులన్నీ ఉన్నాయని చెప్పారు.’ పంపింది జూన్‌లో కూడా కాదు. జనవరిలో.

జనవరిలో! క్రిస్మస్ కేకు మిగిలిందని నేను పార్శిలు పంపితే, తిని, బాగుందని ఫోన్ చేసిన వారంలో!

పొరపాటట. సెట్టింగు చూసుకోలేదట. ఎవరో కుర్రాళ్లట. కడుపు మాడ్చుకున్నానని రాశావు చూడు, దానికి నాకు ఇంకా ఒళ్లు మండుతోంది. అబద్ధానికి ఏడుపు కూడా కలిపి పంపావు.

కొత్తగూడెం ఆమెకు మేలు జరిగితే నాకూ సంతోషమే. కానీ ఆ మేలుకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? నువ్వు కాదు. మొన్న రేషన్ షాపు దగ్గర కనకవ్వ నిలబడితే వెనక నుంచి ఎవడో “అవ్వా, రాత్రి మంచిగ నిద్రవట్టిందా?” అన్నాడట. అందరూ నవ్వారట. ఆమె సంచి అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసింది.

ఇప్పుడు చెప్పు, ఇది ద్రోహం కాదా?

డెబోరా


హైదరాబాద్,
జులై 21.

డెబోరా,

సరే. ఎంచింది నేనే. గుర్తుపెట్టింది నేనే. అనుమతులున్నాయని చెప్పింది నేనే. ఇప్పుడు నీ మనసు చల్లబడిందా?

నిన్ను అడిగితే ఏమంటావో నాకు తెలుసు. ‘ఇప్పుడే వద్దు’ అంటావు. రెండేళ్ల నుంచి అదే మాట. ఎప్పుడు మరి? వాళ్లంతా పోయాకా? మనం అంత కష్టపడి తిరిగింది అన్నీ మూటగట్టి క్లౌడ్ అనే ఆకాశంలో దాచడానికా? నా ఉద్యోగంలో నేను గట్టిగా చేయాలనుకున్న పని ఇదొక్కటే. దాన్ని నువ్వు ఇష్టం వచ్చినప్పుడు తెరిచి మూసే బీరువా చేశావు.

నీతులు చెబుతున్నావు కాబట్టి అడుగుతున్నాను. మీ బడి వార్షికోత్సవంలో సంతోషి పాడిన నాటు పాట పిల్లల చేత ఆడించావు. అది మన ఫోల్డరులోదే. నన్ను అడిగావా? అప్పుడు ఇద్దరి సరే ఏమైంది?

ఇంకా చెప్పనా? కనకవ్వ చెప్పింది కొత్త సంగతా మీ కాలనీకి? ఆ క్వార్టర్లకు మధ్య ఉన్నది ఒక ఇటుక గోడ. ఈ పక్క దగ్గితే ఆ పక్క వినిపిస్తుంది. గోడకు ఆ పక్క ఉన్నది ఎవరు? మీరే. మీ నాన్నగారు యోనా గారు, మీ అమ్మ సుసన్నా గారు. వాళ్లకి ఏమీ వినపడలేదా? మా నాన్న ఆఫీసర్ల బంగళాలో ఉండేవారు కాబట్టి మాకు తెలియదనొచ్చు. మీకు తెలుసు. ముత్యానికి తెలుసు. దండ వేసేవాళ్లకీ, శాలువా కప్పేవాళ్లకీ, రేషన్ షాపు దగ్గర నవ్విన వాళ్లకీ తెలుసు. అందరూ కలిసి నోరు మూసుకున్నారు. దానికి నువ్వు ‘గోప్యత’ అని పెద్ద పేరు పెట్టావు. నేను ఆ మూత తీశాను. తీసిన పద్ధతి తప్పే. కానీ మూత పెట్టినవాళ్లు నన్ను నిలదీయడం చూస్తే నాకూ ఒళ్లు మండుతోంది.

సుహాసిని


సెంటినరీ కాలనీ,
ఆగస్టు 11.

సుహాసినీ,

నీ ఉత్తరం చించేద్దామనుకున్నాను. చించలేదు. అందులో సగం నిజం.

సంతోషి పాట సంగతి మొదట. నిన్ను అడగలేదు, తప్పే. కానీ సంతోషిని అడిగాను. ఆమె స్వయంగా వచ్చి ముందు వరుసలో కూర్చుని పిల్లలకు చప్పట్లు కొట్టింది. నీకూ నాకూ మధ్య ఒప్పందం తప్పినా, ఆమె మాట తప్పలేదు. నువ్వు నన్నూ కనకవ్వనూ ఇద్దరినీ దాటిపోయావు. తేడా నీకు తెలుస్తోందా?

రెండోది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక నాన్నను అడిగాను. దాచకుండా, నీ ఉత్తరంలోని మాటే చదివి వినిపించాను. “విన్నం బిడ్డా. మీ అమ్మ లేచి తలుపు కాడికి వోయేది. నేనే వద్దన్న. మంది సంసారం మనకెందుకన్న. పొద్దుగాల గని గేటు కాడ ఆయన నాకు బీడీ ఇచ్చేది, నేను తాగేది” అన్నాడు. సుహాసినీ, మా నాన్న మీద నాకు జీవితంలో ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ పూట ఆయనకు అన్నం పెట్టి పక్కన కూర్చోలేదు. అవును, మేము దాచాం. నువ్వన్నది నిజం.

కానీ ఇప్పుడు నా మాట విను. మేము దాచినది మా పిరికితనం. ఆమె చెప్పుకున్నది ఆమె ధైర్యం. ఆ రెండూ ఒకటి కావు. ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో, ఎంత చెప్పాలో ఆమె ఎంచుకుంది. అన్నేళ్లు నోరు నొక్కుకున్న మనిషికి ఉన్నది ఆ ఒక్క ఎంపిక. దాన్నే నువ్వు తీసుకుపోయావు. మేము ఆమె మాట వినలేదు. నువ్వు విని అమ్ముకున్నావు.

పైగా సగమే. మొత్తం రికార్డింగు నాకు కంఠతా వచ్చు. ఆ మాట తర్వాత ఆమె ఏమన్నది? “మంచోడే బిడ్డా. మందికి మంచోడు. ముత్యం కోసం మల్ల లోపటికి వోయిండు గదా, నా కోసమైతె గుమ్మం దాటి రాకపోయేది.” తనకు సంతకం నేర్పింది ఆయనే అని కూడా చెప్పింది. కొట్టిన చెయ్యే అక్షరం దిద్దించిందని. అవన్నీ నీకు బలమైన ముక్కలు కాలేదు.

నిన్న వర్ధంతి సభ పెట్టేవాళ్లు రాయమల్లు దగ్గరికి వచ్చారట. ఈ ఏడు అవ్వను పిలిస్తే బాగుండదు, నువ్వొక్కడివి వచ్చి దండ వెయ్యి అన్నారట. అతను సరే అనలేదు, కాదనలేదు.

కనకవ్వ నాతో మాట్లాడుతోంది ఇప్పుడు. నిన్ను గురించి ఒక్కటే అన్నది: “ఆ పిల్లను రమ్మను. ఫోన్ల గాదు. నా మొకం జూసుకుంట చెప్పాలె.”

నేను చెప్పాను. రావడం రాకపోవడం నీ ఇష్టం.

డెబోరా


హైదరాబాద్,
ఆగస్టు 29.

డెబోరా,

వచ్చాను. నీకు చెప్పలేదు. మీ ఇంటి ముందు నుంచే నడిచి పోయాను. తలుపు కొట్టే ముఖం లేకపోయింది.

కనకవ్వ బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి లేవలేదు. కూర్చోమనలేదు. నిలబెట్టే మాట్లాడింది. నేను ముందే అనుకున్న మాటలు, క్షమించమని, ఆడవాళ్ల కోసమని, కొత్తగూడెం ఆవిడ గురించి, అన్నీ చెప్పాను. అంతా విన్నది. చేట పక్కన పెట్టి, “అయిపోయిందా?” అని అడిగింది.

“నువ్వు చెప్పింది మంచిగనే ఉన్నది. గిదంత ముందుగాల నాకు చెప్పేదుండె. నేను ఒద్దంటనో సరేనంటనో నీకేమెరుక? అడుగుతె ఒద్దంటనని అడగలే నువ్వు. ఆయన గూడ గట్లనే. ఏది అడగకపోయేది.”

డెబోరా, ఆ మనిషి గురించి ప్రపంచానికి చెప్పాలని నేను బయల్దేరాను. ఆమె నన్ను తీసుకెళ్లి ఆయన పక్కన నిలబెట్టింది.

అదంతా వెనక్కి తెచ్చి తుడిచేస్తానన్నాను. “గనిల బొగ్గు తీసినంక గోదారి ఇసుక వోసి నింపుతరు. నువ్వు దేంతోని నింపుతవ్?” అని అడిగింది. మా వైపు పెట్టినవన్నీ తీయించాను. పవన్‌కుమార్ దగ్గర ఉన్న కాపీలు నా కళ్ల ముందు చెరిపించాను. కార్యక్రమం ఆపేశాను. దాని వల్ల ఆఫీసులో ఏం జరిగిందో నీకు అక్కర్లేదు. కానీ ఎవరెవరి ఫోన్లలో ఆ ముక్క ఉందో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. తీయలేను.

చేయగలిగింది చేశాను. ఫోల్డరు మీద నా యజమాని హక్కు నీ పేరుకు మార్చి వదులుకున్నాను. ఒక్కొక్కరి గొంతు వేరుచేసి ఒక్కొక్కదానికి వేరే తాళం వేశాను. ఆ తాళం తెరవాలంటే రెండు రహస్యపు మాటలు, అంటే పాస్‌వర్డులు, కావాలి. ఒకటి నీ దగ్గర ఉంటుంది. రెండోది చెప్పినావిడ దగ్గర. ఇద్దరూ కలిసి కొడితేనే తెరుచుకుంటుంది. పెట్టేటప్పుడు ఆ మాటలు నాకు చెప్పొద్దు. ఎలా పెట్టాలో వేరే కాగితం మీద రాసి జతచేశాను. నాకు ఏ మాటా లేదు. నేను వినాలన్నా వినలేను.

సుహాసిని


సెంటినరీ కాలనీ,
సెప్టెంబరు 24.

సుహాసినీ,

నువ్వు మా ఇంటి ముందు నుంచి పోయావని సంతోషి అప్పుడే చెప్పింది. పిలుద్దామని గేటు దాకా వచ్చాను. పిలవలేదు. ఆ రోజు పిలిచి ఉంటే మంచి మాటలు వచ్చేవి కావు.

నువ్వు రాసినట్టే ఇల్లిల్లూ తిరిగాను. ఒక్కొక్కరికీ చెప్పాను, ఇట్లా జరిగింది, మీ గొంతు ఉంచుకుంటారా, తీసేయమంటారా అని. చాలామంది తీసేయమన్నారు. తలుపు కూడా పూర్తిగా తియ్యకుండా చెప్పారు కొందరు. నేను వాళ్ల కళ్ల ముందే చెరిపేశాను. ఎంత మంచి గొంతులు, సుహా! ఒక్కొక్కటి పోతుంటే ఒక్కొక్క ఇల్లు కూలినట్టు ఉంది నాకు. ఆ కోపం నీ మీద ఇంకా ఉంది. ఉంటుంది.

కనకవ్వ తీసేయమనలేదు. “మా రాయమల్లు మొత్తం ఇనాలె. ముక్క గాదు. నువ్వచ్చి వెట్టు” అన్నది. మొన్న ఆదివారం మధ్యాహ్నం పోయాను. ముత్యాన్ని కూడా పిలిపించింది. ముసలాయన గుమ్మంలోనే కూర్చున్నాడు, లోపలికి రాలేదు. రాయమల్లు గోడకు ఆనుకుని నిలబడ్డాడు, చేతులు కట్టుకుని, పంచాయితీకి వచ్చినట్టు.

నా ఫోన్‌లో నా మాట కొట్టి ఆమెకు ఇచ్చాను. ఆమె తన మాట ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఏం మాట పెట్టుకుందో నాకు తెలియదు.

మొదటి నుంచి విన్నాం. లగ్గం, అత్తగారి ఇల్లు, క్వార్టరు వచ్చిన రోజు, మొదటి దెబ్బ. నిద్రపోయానన్న మాట దగ్గర రాయమల్లు కదల్లేదు. అది దాటి ఇంకా నడిచింది. “ఆయన గనిల కట్టుకునే క్యాప్ ల్యాంపు బెల్టు తీసిండంటె అది నా ఈపు మీదికే. ఒక దినం బెల్టు దొర్కలే. ఎంత దేవులాడినా దొర్కలే. నాకు ఇప్పటికీ ఎరుక లేదు యాడికి వోయిందో” అన్నది గొంతు.

అప్పుడు రాయమల్లు అన్నాడు, మెల్లగా: “నేనే. బాయిల పడేసిన.”

కనకవ్వ తల ఎత్తి చూసింది.

“నాకంత యాదికున్నది అవ్వా. అబద్ధమని నేనెన్నడన్న అన్ననా? ఎందుకు చెప్పినవని అన్న. నాకు చెప్పలే నువ్వు. ఒక్కసారి గూడ నాతోని అనలే. మైకుల చెప్పినవ్.”

“నీకు అయ్య గదరా” అన్నది ఆమె.

ముత్యం గుమ్మంలో కూర్చునే తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. “వదినా, నా పానం నిలవెట్టిండు. నేనేమనాలె? నాకు తెలిసి గూడ ఏమనాలె?” అన్నాడు. ఆమె ఆయన వైపు చూసి చాలా కోపంగా, “ఏమనకు. నువ్వైతె బతికినవ్. గంతే సాలు” అన్నది.

మిగతాది ఆపేయమంది. నేను ఆపేశాను.

వర్ధంతి నిన్న అయింది. ఇద్దరు ముగ్గురు ఇంటికి వచ్చి, పోనీలే, అవ్వా, రా అని పిలిచారట. ముత్యం పోరు పెట్టి పంపించినట్టున్నాడు. కనకవ్వ పోలేదు. “ఏటేటా గా కుర్చీల ఆయన పెండ్లాం లెక్కనే కూసున్న. ఇగ కూసోను” అన్నదట. రాయమల్లు కూడా సభకు పోలేదు. మామూలుగా మొదటి షిఫ్టుకు బొగ్గు డంపర్ లారీ ఎక్కాడు. దిగి ఇంటికి వచ్చి తల్లి వండిన పప్పుచారు తిన్నాడు. మాట్లాడాడా అని కనకవ్వను అడిగితే, లేదు, ఉప్పు తక్కువైందని మాత్రం అన్నాడు అంది. ఆమె నాకు అది చెప్పేటప్పుడు ముఖం ఎట్లా ఉందో నీకు రాయలేను.

నీకు ఒక ఉత్తరం రాయాలి, రాసిపెట్టు అని అడిగింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి దీనితో పంపుతున్నాను. ఒక్క అక్షరం మార్చలేదు. చదివి వినిపించాను, సరే అన్నది. కింద సంతకం ఆమెదే.

డెబోరా


సెంటినరీ కాలనీ.

సుహాసినికి కనకవ్వ చెప్పి రాయించేది.

బిడ్డా, నీ మీద నాకు కోపం పోలే. ముందుగాలనే చెప్తున్న. పోతదో పోదో నాకెరుక లేదు. పోయిందని అబద్ధం చెప్పి నిన్ను కుషీ చెయ్యను.

నన్ను చూసి నవ్వెటోళ్లు ఇంక నవ్వుతనే ఉన్నరు. మొన్న రేషన్ కాడ మల్ల ఒకడు అన్నడు. ఈసారి నేను సంచి ఇడిసిపెట్టి రాలే. “నిద్రవట్టింది రా, మీ అవ్వకు పట్టిందేమో వోయి అడుగు” అన్న. వాడు తల దించిండు. వాళ్లవ్వ సంగతి వానికి ఎరుకనే. ఆ మాట నా నోట్లకెళ్లి నేను అన్న. నువ్వు అనిపియ్యలే. గందుకే నాకు మంచిగనిపిచ్చింది.

కొత్తగూడెంల ఎవలో ఒక ఆడామె ఇల్లిడిసి అక్క కాడికి వచ్చిందని చెప్పినవ్ గదా. ఆమె పేరు నాకొద్దు. మొకం ఒద్దు. ఆమెకు నా మాట పంపియ్యాలె. నువ్వు పంపిన ముక్క ఆమె కాడ ఉన్నది, అది సాలదు. అది ఇంటె మొగడు సావాలె, గప్పుడే నిద్ర అనుకుంటది. మొత్తం ఇనాలె. నేను గన్ని ఏండ్లు ఎందుకు ఊకున్ననో, ఊకుంటె ఏమైందో, అది ఇనాలె. టీచరమ్మ తన మాట కొడుతది, నేను నా మాట కొడుత. ఆ కొత్తగూడెమామె ఒక్కతే ఇంటది. ఇంకెవ్వలకు పోవద్దు. ఆమె ఒద్దంటె పంపకుండ్రి. ముందుగాల అడుగుండ్రి.

గిది నేను ఇస్తున్న. నువ్వు తీసుకున్నది కాదు.

టీచరమ్మ నీ మీద శాన కోపంల ఉన్నది గని, నీ పేరు రాసేటప్పుడు కండ్లల్ల నీళ్లు వెట్టుకుంటున్నది. ఇది రాయనంటున్నది. నేను రాయమంటున్న.

నన్ను చూడబుద్ధైతె రా. ఈసారి కూసోవెడ్త. ఛాయ్ తాగుదాం. మైకు మాత్రం తేకు.

కనకవ్వ